వంటశాలకి పోయిన మామిడిచెక్కలు

రాజుగారికి వాద్యాలు చేసిచ్చే నూకాలు, కొత్తది ఏది తలపెట్టినా ముందు చవకరకం మామిడిచెక్కకే బెజ్జాలు పెట్టి, తీగలు బిగించి చూసుకునేది. పలుకు కుదిరాకే ఖరీదైన పనసచెక్క ముట్టుకునేది.

ఆస్థాన గాయకుడు పేరిశాస్త్రికి ఇది కంటగింపైంది. జన్మలో ఒక్క మేకు కొట్టి ఎరగని ఆ పెద్దమనిషి, ఆమె మామిడిచెక్కలన్నీ వంటచెరుకు కింద వంటశాలకి పంపించేసి, ఆమెని సభకి ఈడ్పించాడు.

"రాజవాద్యానికి పొయ్యిలో పెట్టుకునే చెక్కా? సభకే అవమానం ప్రభూ. మొదటి బెజ్జం నుంచీ పనస మీదే చెయ్యాలని ఆజ్ఞ ఇవ్వండి" అన్నాడు.

నూకాలుకి ఒళ్లు మండిపోయింది.

"ఇవ్వండి దొరా. కానీ ఆజ్ఞ అందరికీ ఒకటే ఉండాలి. అయ్యగారు రోజూ పాత పంచె కట్టుకుని, తలుపులేసుకుని సాధన చేస్తారు. తప్పులన్నీ అక్కడ దులుపుకునే సభకొస్తారు. రేపట్నుంచి ఆ సాధన కూడా పట్టుశాలువా కప్పుకుని తమరి ముందే చెయ్యమనండి."

రాజుగారు శాస్త్రివైపు తిరిగారు. "పొద్దున్నే వస్తారా మరి?"

శాస్త్రి భుజం మీది పట్టుశాలువా సర్దుకున్నాడు. "ఆ చెక్కలు ఇంకా కొన్ని కాలకుండానే ఉండొచ్చు ప్రభూ."

"అయితే మీరే వెళ్లి ఏరి తెండి."

"శాలువా ఇక్కడ పెట్టి వెళ్లండి అయ్యగారూ," అంది నూకాలు, "మసి అంటుకుంటుంది."