కూర్మనాథం మాస్టారి తుఫాను

శిష్యుడు అడిగిన ప్రశ్నకు కూర్మనాథం మాస్టారు కూర్చుని జవాబు చెప్పిన దాఖలా ఒక్కటీ లేదు. ఆయన పద్యనాటకాల గురువు. రావణుడి వేషం కట్టి ఒక్క రాగం అందుకున్నారంటే కడలి మీద అలలు సగంలో ఆగి, అది పూర్తయ్యాకనే విరిగేవి. పై ఊరి గేదెలు పితక్కుండానే చేపేవి. ఇదంతా అబద్ధమనేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళలో ఆ రాగం విన్నవాడు ఒక్కడూ లేడు.

మొగలిపేట రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేసిన మధ్యాహ్నం, పోలారావు రొప్పుతూ మాస్టారి రిహార్సల్ పాకలోకి వచ్చి పడ్డాడు. చేపల వేట వాడి బతుకు, నాటకంలో విభీషణుడు వాడి వేషం. వాడికున్న ఆస్తల్లా ఒక పడవ. అదిప్పుడు నీళ్ళ అంచున తాడు తెంపుకునేలా గింజుకుంటోంది.

"మాస్టారూ, తుఫాను ఎవరి వల్ల వస్తాదండీ?"

"ఇంత గాలి పెట్టుకుని ఇప్పుడా అడగడం?"

"ఇప్పుడే అడగాలండీ. అది తేలితే గానీ పడవలు కదలవు."

మొగలిపేటలో అదొక కట్టుబాటు. పెద్ద గాలి వస్తోందంటే ఎవరో గంగమ్మకు కోపం తెప్పించారన్నమాట. ఆ తప్పు ఎవరిదో తేల్చాకనే పడవలను ఇసుకదిబ్బ మీదికి లాగాలి. తేలకముందే తాడు పట్టుకున్నవాడు భయపడ్డట్టు. భయపడ్డాడంటే తప్పు వాడిదే. అలా తేలినవాడి పడవ మళ్ళీ గంగమ్మ జాతర దాకా నీళ్ళు తాకకూడదు. పోనీ, ఎవడికి వాడు గుట్టుగా లాక్కుందామంటే, ఒక్క పడవ దిబ్బ ఎక్కాలన్నా పేట భుజాలన్నీ కావాలి.

మాస్టారు లేచారు. నెత్తిన రావణుడి కిరీటమైనా తీయకుండా, గద భుజాన వేసుకుని రేవుకు బయల్దేరారు.

అక్కడ మగాళ్ళందరూ చేతులు కట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

"సరుగుడు తోట కొట్టేసినారు. గాలికి అడ్డేటి మిగిలింది?" అన్నాడొకడు.

"సేపలు గుడ్లు పెట్టే కాలంలో వల వేసినోడు ఎవడో సెప్పమనండి ముందు," అన్నాడు ఆ తోట కొట్టినవాడు.

"సముద్రం వేడెక్కిపోనాదని టీవీలో సెప్పినారు. అందుకే గాలి ఇంత ముదిరిందంట," అంది పోలారావు భార్య నూకాలు.

కులపెద్ద దూడయ్య గంభీరంగా తల పంకించాడు. "సరే. వేడెక్కించినోడు ఎవడు? మన పేటలో పెద్ద పొయ్యి ఎవరిది?" ఆ ప్రశ్నకు తానే దడిసినట్టున్నాడు, వెంటనే సర్దుకున్నాడు. "అయినా ఇది ఒడిశా పోతాదిలే. ప్రతిసారీ అటే పోతాది."

ఆ మాట ముగియకముందే అతని తలపాగా ఎగిరి, ఒడిశా వైపు కాకుండా తిన్నగా ఊళ్ళోకి పోయింది.

నూకాలు మొగుడి వైపు తిరిగింది. "పట్టుకోవయ్యా తాడు! నాటకంలో పది తలల అన్ననే ఎదిరించినోడివి, ఇక్కడ ఒంటి తల దూడయ్యకి జడుస్తావేటి?"

పోలారావు చేయి తాడు దాకా వెళ్ళింది. దూడయ్య చూపు ఆ చేతి మీద వాలింది. చేయి వెనక్కి వచ్చేసింది. అప్పుడే ఒక అల లేచి వాడి పడవను మొలబంటి నీటిలోకి ఈడ్చింది.

ధన్‌మని గద దెబ్బ వినిపించింది. మాస్టారు బోర్లించిన తెప్ప మీదెక్కి నిలబడ్డారు.

"ఆపండహో! ఈ తుఫాను నాది!"

"తమరిదా?" అన్నాడు దూడయ్య.

"మరెవరిదనుకున్నావు? మొన్న ఇదే ఒడ్డున నిలబడి, సముద్రుడు నా కాలిగోటికి చాలడని పద్యం పాడాను. ఆ రాగం అండమాను దాకా పోయి ఈ గాలిని నిద్రలేపి తెచ్చింది. మీ వలలకీ మీ పొయ్యిలకీ ఇంత తుఫాను లేస్తుందా? మీ మొహాలకి తుంపర కూడా రాలదు!"

రేవంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. దూడయ్య మాత్రం కట్టుబాటు వదల్లేదు.

"పడవలేనోరికి శిచ్చేటి మాస్టారూ? మీకున్నది గొంతు. జాతర దాకా దాన్నే ఒడ్డెక్కించాలి. ఒక్క పద్యం పాడకూడదు."

 రాగం తీయనిదే మాస్టారు అన్నం ముద్దయినా ఎత్తరని పోలారావుకి తెలుసు. కిరీటం కింద ఆ పెద్ద మొహం ఒక్క క్షణం చిన్నదైంది. మళ్ళీ అంతకు రెట్టింపు పెరిగింది.

"ఒప్పుకున్నాను. ఆఖరి రాగం మాత్రం ఇక్కడే తీస్తాను. నా ఊపిరి ఉండగా పడవలు ఎక్కించుకోండి!"

ఆ రాగానికి గాలి పక్కకు తప్పుకుందంటే నమ్మాలి. పోలారావు నీళ్ళలోకి దూకి తాడు పట్టాడు, వాడి వెనకాలే దూడయ్య, వాళ్ళ వెనకాల పేటంతా. పోలారావు పడవ ఏనుగులా కదిలి, ఆవుదూడలా దిబ్బెక్కింది. దాని వెంట మిగిలినవన్నీ ఎక్కాయి. ఆ ఊపులో సంతలో నిలిపిన ఎద్దుబండి కూడా ఒకటి ఎక్కేసిందట. మాస్టారు ఊపిరి పీల్చుకునేసరికి రేవు ఖాళీ.

తుఫాను వచ్చింది. వచ్చి, పేటంతా వెతికింది. ఒడ్డున ఒక్క పడవ దొరకలేదు. ఇళ్ళల్లో ఒక్క మనిషి దొరకలేదు. అందరూ తుఫాను షెల్టర్లో గోడకు వీపులు ఆనించి కూర్చున్నారు. ఉక్రోషం పట్టలేక అది రిహార్సల్ పాకను ఎత్తుకుపోయింది.

మాస్టారు మాట తప్పలేదు. జాతర దాకా ఆయన అన్నం ఎలా తిన్నారో ఆ గంగమ్మకే తెలియాలి.

మరుసటి ఏడు మళ్ళీ సూచిక ఎగిరింది. అందరికన్నా ముందు దూడయ్యే పంచె ఎగ్గట్టి రేవుకు పరుగెత్తాడు. "ఈసారి తప్పు నాది! పట్టండెహె తాడు!"

"నీ మొహం, నాది!" అన్నాడు తోట కొట్టినవాడు.

"నా పొయ్యిదే!" అంటూ నూకాలు ఇద్దరినీ తోసి తాడందుకుంది.

వాదన తేలకముందే పడవలన్నీ దిబ్బ మీదున్నాయి. తాడు ఒరిసి ఎర్రబడ్డ అరచేతులు ఊదుకుంటూ పోలారావు మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడైనా సెప్పండి మాస్టారూ. తుఫాను అసలు ఎవరి వల్ల వస్తాదండీ?"

మాస్టారు దిబ్బ మీది పడవలను తృప్తిగా చూశారు. తర్వాత నల్లబడుతున్న ఆకాశం వైపు చూసి పెదవి విరిచారు.

"కనుక్కోవాలిరా, తప్పకుండా కనుక్కోవాలి. పడవలు ఎక్కాయిగా, ఇప్పుడు కూర్చుని అడుగు. ఎవరిదైనా, నా తుఫానంతది కాదులే."