పైడితల్లి రాసిన పాట

విశాఖపట్నంలో చిదంబరం అనే రచయిత ఉండేవాడు. కథలు రాసేవాడు, వయొలిన్ వాయిస్తూ పాడేవాడు, పొగడ్తంటే మాత్రం చెవి కోసుకునేవాడు. ఊళ్ళో ఏ సాహిత్య సభ జరిగినా వేదిక మీద ఆయనకో కుర్చీ ఉండాల్సిందే. లేకపోతే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆయన పక్క వీధిలో పైడితల్లి అనే టీచరు ఉండేది. పాటలు బాగా రాసేది కానీ, నలుగురిలో నోరు విప్పాలంటే చచ్చేంత భయం. ఆమె చిన్నప్పుడు తండ్రి సముద్రం మీదికి వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ దుఃఖాన్నే ఒక పాటగా రాసి చిదంబరం చేతిలో పెట్టింది.

"అన్నయ్యగారూ, మీరు బాణీ కట్టి పాడండి. మా నాన్నను నలుగురూ తలుచుకుంటే నాకంతే చాలు," అంది.

"నీ పేరు చెప్పే పాడతాను చెల్లెమ్మా," అన్నాడు చిదంబరం. పాపం, అప్పటికి ఆ మాట మనసారా అన్నదే.

సభలో పాడేముందు రాసినవారి పేరు చెప్పడం మర్యాద. ఆ పాట మొదటిసారి పాడిన రోజు చిదంబరం హడావిడిలో మరిచిపోయాడు. పాట అయ్యేసరికి జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. అధ్యక్షుడు గబగబా వచ్చి శాలువా కప్పి, "రాసిందీ మీరే, పాడిందీ మీరే! ఏం పాటండీ బాబూ!" అన్నాడు. కాదనడానికి చిదంబరానికి నోరు రాలేదు. తరవాతి సభలో చెబుదాంలే అనుకున్నాడు. ఆ సభలోనూ అదే అనుకున్నాడు. మొదట్లో గుండెలో గుచ్చుకున్నది రానురాను అలవాటైపోయింది. పైడితల్లి సభలకు వెళ్ళదు కాబట్టి ఆమెకు ఈ సంగతే తెలియదు.

కొన్నాళ్ళకు ఒక సాహితీ సంస్థ కొత్తవాళ్ళ పాటల్ని పుస్తకంగా వేస్తామని, ఎవరి పాట వాళ్ళే సభలో వినిపించాలని ప్రకటించింది. పైడితల్లి భయాన్ని దిగమింగుకుని వెళ్ళింది. వేదిక మీద చిదంబరాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంది. తండ్రి మీద రాసిన ఆ పాట పల్లవి ఎత్తుకుందో లేదో, సంస్థ కార్యదర్శి లేచాడు.

"ఆగమ్మా! ఇది చిదంబరం గారి పాట. ఆయన ఎదుటే పాడి నీదంటున్నావా? ఎంత తెగింపు!"

"కాదండీ, ఇది మా నాన్న పాటండీ. నేనే రాశాను. అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి," అంది పైడితల్లి.

హాలంతా చిదంబరం వైపు తిరిగింది. ఒక్క మాట చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఇన్నాళ్ళ పొగడ్తలన్నీ కళ్ళ ముందు మెదిలాయి. ఆయన తల వంచి వయొలిన్ తీగలు సవరిస్తూ, "పోనీలెండి, అభిమానం కొద్దీ పాడుకుంది. ఆమెనేమీ అనకండి," అన్నాడు.

ఆహా, ఎంత పెద్ద మనసని జనం చప్పట్లు కొట్టారు! పైడితల్లి ఆ చప్పట్ల మధ్య నుంచే తల దించుకుని వెళ్ళిపోయింది.

ఆమె పాట పుస్తకంలోకి ఎక్కలేదు. ఆమె మళ్ళీ కలం పట్టలేదు. బదిలీ అడిగి మరీ పార్వతీపురం వెళ్ళిపోయింది. చిదంబరం మాత్రం ఆ పాట ఎత్తుకుంటే సగంలోనే ఆపేసేవాడు. "మీ నాన్నగారు ఏ తీరంలో పోయారండీ?" అని ఒక అభిమాని జాలిగా అడిగాడు. చిదంబరం తండ్రి రైల్వే గుమాస్తా. ఇంట్లో, మంచం మీద, కొడుకు చేతుల్లోనే పోయాడు. ఆ రోజు చిదంబరం సిగ్గుతో కుమిలి కుమిలి ఏడ్చాడు.

చివరికి ఉండబట్టలేక తనకు జరిగిన సన్మాన సభలోనే లేచి చెప్పేశాడు.

"ఆ పాట నాది కాదు. పైడితల్లి రాసింది. నేను దొంగని."

అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"చూశారా! తన పాటను ఎత్తుకుపోయిన మనిషికే దాన్ని కానుకగా ఇచ్చేస్తున్నారు. వినయమంటే ఇదండీ!"

"నిజమండీ, నా మాట నమ్మండి!" అని చిదంబరం గొంతు చించుకున్నాడు. ఆయన ఎంత అరిస్తే చప్పట్లు అంత ఎక్కువగా మోగాయి.

మర్నాడే పార్వతీపురం వెళ్ళి పైడితల్లి కాళ్ళ మీద పడబోయాడు. "అందరికీ చెప్పేశాను చెల్లెమ్మా. ఎవరూ నమ్మలేదు," అన్నాడు.

పైడితల్లి వెనక్కి జరిగింది.

"ఆ రోజు నమ్మేవాళ్ళండీ," అని తలుపు వేసుకుంది.

అందుకే, ఒకరికి దక్కాల్సిన పేరును దక్కాల్సిన వేళే చెప్పాలి. వేళ మించాక ఒప్పుకున్న నిజం చెప్పినవాడికి కీర్తి తెస్తుందేమో కానీ, నష్టపోయినవారికి న్యాయం చేయదు.