సుందరమ్మగారి గాజుతొట్టి

రాజమండ్రిలో సోమయాజులుగారిని ఏదైనా ప్రశ్న అడగాలంటే శిష్యులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు. ఆయన కోప్పడతారని కాదు, జవాబు చెప్పకుండా ఏదో ఒక పని అప్పగిస్తారని. కోపం తగ్గే మార్గం చెప్పమన్న ఒక బ్యాంకు ఉద్యోగి చేత ఆయన చిక్కుపడ్డ గాలిపటం దారం ఉండంతా విప్పించారు. సంస్కృతం మాస్టారుగా రిటైరై, తమ ఫ్లాటులోనే సాయంత్రాలు గీతాపాఠం చెప్పే ఆ పెద్దాయన అలవాటు తెలిసే త్రిపురసుందరమ్మ తన ప్రశ్నను చాలాకాలం కొంగున ముడేసుకుని తిరిగింది. ఒకనాడు పాఠం అయ్యాక, మిగిలినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, మరీ ప్రేమగా చూసుకుంటే మనిషి వాడిపోతుందాండీ?"

ఆమె బాధంతా కోడలు లిఖిత గురించి. పెళ్ళై నంద్యాల నుంచి వచ్చిన ఆ పిల్లను సుందరమ్మ అరచేతుల్లో పెట్టుకుని చూసుకుంటోంది. అత్త పెట్టే ఆరళ్ళ కథలు విని విని, తాను అలాంటిది కాకూడదని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్న మనిషి. కోడల్ని వంటింటి గడప తొక్కనివ్వదు. పనసపొట్టు కూర, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, ముద్దపప్పులో గరిటెడు నెయ్యి, ఆపైన పూతరేకులు. విస్తరి ఖాళీ అయితే తన పరువు పోయినట్టే. ఆ పిల్ల వస్తూ వస్తూ వాళ్ళమ్మ పట్టించిన జొన్నపిండి ఒక డబ్బా, వేరుశనగ కారప్పొడి ఒక సీసా తెచ్చుకుంది. సుందరమ్మ మర్నాడే ఆ రెండూ పనిమనిషికి ఇచ్చేసింది. మా ఇంటి కోడలు జొన్నరొట్టె తినాల్సిన ఖర్మేమిటి, అన్నది ఆమె అభిప్రాయం. ఇంత చేసినా ఆ పిల్ల చిక్కిపోయింది. మాట అడిగితే మాట చెప్పి గదిలోకి వెళ్ళిపోతుంది. మొన్న కొడుకు, తలెత్తకుండా, తన ఆఫీసు దగ్గర అద్దె ఇల్లు చూస్తున్నామని చెప్పాడు.

"వాళ్ళు వెళ్ళిపోతే నేను బతకలేనండీ. నేనెక్కడ తక్కువ చేశానో చెప్పండి" అంది కళ్ళొత్తుకుంటూ.

సోమయాజులుగారి హాల్లో కిటికీ పక్కన చేపల తొట్టి ఒకటి ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఆయన దానివైపు కాసేపు చూశారు. తరవాత లోపలికి వెళ్ళి మంచం కింద నుంచి ఖాళీ గాజుతొట్టి ఒకటి, గాలి బుడగలు వదిలే చిన్న మోటారు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"ఇది మీ ఇంట్లో పెట్టి నాలుగు చేపల్ని పెంచండమ్మా. అవి కుదురుకున్నాక వచ్చి చెప్పండి."

సుందరమ్మ నిట్టూర్చి తొట్టిని ఆటోలో ఇంటికి చేర్చింది. చేసే పనిలో ఆమెకు వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. తొట్టిని తళతళలాడేలా తోమి, కుళాయి నీళ్ళు నింపి, ఆ పూటే నాలుగు నారింజరంగు చేపలు కొనుక్కొచ్చింది. అవి ఉన్న సంచిలోని బజారు నీళ్ళు తన తొట్టిలో ఎందుకు కలవాలని, టీ వడగట్టుతో చేపల్ని వడగట్టి మరీ మంచినీళ్ళలోకి వదిలింది. అటు వెళ్తూ ఒక చిటికెడు, ఇటు వస్తూ ఒక చిటికెడు మేత వేసింది. పక్కింటివాళ్ళు చూడ్డానికి వస్తే వాళ్ళ చేతా వేయించింది. నీళ్ళు పాలవిరుగుడులా తెల్లబారాయి. వెంటనే అంతా పారబోసి, అడుగున పరిచిన రాళ్ళతో సహా కడిగి, కొత్త నీళ్ళు పోసింది. మళ్ళీ తెల్లబారాయి, మళ్ళీ కడిగింది. వారం తిరక్కుండానే రెండు చేపలు వెల్లకిలా తేలాయి.

మిగిలిన రెండింటినీ స్టీలు క్యారేజీలో పెట్టుకుని, ఉసూరుమంటూ గురువుగారి దగ్గరికి పరుగెత్తింది.

"ఆకలి తెలియనివ్వలేదండీ వాటికి! మురికి అంటనివ్వలేదు!"

"చూస్తున్నాను" అన్నారాయన. ఆ రెండు చేపల్నీ ఆయన తమ దగ్గర అట్టిపెట్టుకున్నారు. తమ తొట్టిలోని మోటారుకు తొడిగిన రెండు స్పాంజి ముక్కల్లో ఒకటి తీసి, ఆ తొట్టి నీళ్ళతోనే డబ్బాలో పెట్టి ఆమె చేతికిచ్చారు. గోధుమరంగుకు తిరిగి, జిగటగా ఉంది.

"ఇది కడక్కుండా మీ తొట్టిలో పెట్టండి. నీళ్ళు కుళాయివైతే ముందురోజే బకెట్లో పట్టి ఉంచండి, అందులో కలిపిన మందు పోతుంది. మోటారు ఆపొద్దు. రోజూ చిటికెడు మేత వేయండి. నేను చెప్పేదాకా చేపల్ని తేవద్దు."

సుందరమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "చేపలే లేనప్పుడు మేత ఎవరికండీ?"

"తినేవాళ్ళు ఉన్నారు, ఆ స్పాంజి జిగటలో. మురికిని తిని నీళ్ళు తేటపరిచే సూక్ష్మజీవులు. మీకు కనబడరు. వాళ్ళు కుదురుకుంటే గాని చేపలు బతకవు."

ఆ తరవాతి వారాలు సుందరమ్మకు చేతులు కట్టేసినట్టే గడిచాయి. హాల్లో బుడగలు వదులుతూ ఖాళీ నీళ్ళు, అందులో ఆ పాచిముక్క. వచ్చినవాళ్ళంతా చేపలేవని అడిగేవారు. నీళ్ళు తెల్లబారినప్పుడు ఆమె చెయ్యి బకెట్ వైపు లాగేది. గురువుగారి మాట జవదాటలేక పక్కకు తప్పుకునేది. కొన్నాళ్ళకు ఎవరూ ముట్టుకోకుండానే ఆ నీళ్ళు తేటబడ్డాయి. ఆమెకు అది నచ్చలేదు. తాను చేసిందేమీ లేకుండా బాగుపడ్డ వస్తువు ఆ ఇంట్లో అదే మొదటిది. అప్పుడప్పుడు లిఖిత గదిలోంచి వచ్చి ఆ తొట్టి ముందు కూర్చునేది. సుందరమ్మ పళ్ళెంలో జంతికలు పట్టుకురాగానే లేచి వెళ్ళిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సోమయాజులుగారే వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో సగం నీళ్ళు, ఆ రెండు చేపలు. సంచిని విప్పకుండా తొట్టిలో తేలేశారు. కుర్చీ లాక్కుని కూర్చుని ఆమె కొడుకు ఉద్యోగం గురించీ, గోదావరి నీటిమట్టం గురించీ మాట్లాడారు. సుందరమ్మకు కాలు నిలవడం లేదు.

"వదిలేయొచ్చు కదండీ?"

ఆయన సంచి మూతి విప్పి, చిన్న గరిటెతో తొట్టి నీళ్ళు కొద్దిగా అందులో పోశారు. ఆగారు. మళ్ళీ కొద్దిగా పోశారు.

"ఎంతసేపండీ ఇలాగ?"

"ఇన్నాళ్ళూ బతికిన నీళ్ళమ్మా అవి. ఒక్కసారి లాగేసుకుంటే తట్టుకోలేవు. మన నీళ్ళు మంచివే, కానీ ఆ సంగతి వాటికి ఇంకా తెలియదు."

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న లిఖిత ముందుకొచ్చింది. "నేను పోస్తా తాతా, ఇట్లివ్వండి."

ఆయన గరిటె ఇచ్చేశారు. ఆ పిల్ల కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కొంచెం కొంచెంగా పోస్తూ, చేపల మొహాలు చూసి ఆగుతూ, మళ్ళీ పోస్తూ ఉంది. చేప ఒకటి గరిటె దగ్గరికొచ్చి మూతి ఆనిస్తే ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సుందరమ్మ అప్పటిదాకా వినలేదు. తన ఇంటికొచ్చిన పిల్లకు నవ్వు ఇంత బాగుంటుందని కూడా తనకు తెలియదే అని ఆమెకు ఏడుపొచ్చింది. అప్పుడు గుర్తొచ్చాయి, టీ వడగట్టూ, జొన్నపిండి డబ్బా, రెండూ ఒకేసారి.

సోమయాజులుగారు వెళ్ళాక ఆమె కోడలి పక్కన చతికిలబడింది.

"మీ అమ్మ పంపిన పిండి... నేను పనమ్మాయికి ఇచ్చేశానే."

"తెలుసు అత్తమ్మా. తెల్లారే వచ్చి నన్నే అడిగింది, రొట్టెలెట్ల చేసేదని." లిఖిత తల వంచుకునే నవ్వింది. "మీరు ప్రేమతోనే ఇచ్చినారు. నాకే చెప్పేకి నోరు రాలేదు."

"ఇక్కడ జొన్నపిండి ఎక్కడ దొరుకుతుందే?"

"దొరుకుతాది. పోయి తెచ్చుకుందాం. కానీ వంటింట్లోకి నన్ను రానియ్యాల మీరు."

సుందరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. చేపలకు ఇంకాస్త మేత వేయబోయి, ఆ చేతిని తానే వెనక్కి తీసుకుంది.

మళ్ళీ పాఠం రోజు వచ్చింది. అందరికంటే ముందే వచ్చిన సుందరమ్మను గురువుగారు పుస్తకం తెరుస్తూ పలకరించారు.

"ఎలా ఉన్నాయమ్మా?"

"ఏం చెప్పమంటారండీ! నిన్న రాత్రి ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలే. కోడలు దంచిన కారప్పొడికి నా నాలుక ఊడి చేతిలోకొచ్చింది. మావాడు నాలుగు తిన్నాడు. దానికి రొట్టె తట్టడం వచ్చు, నాకు రాదు. నేను తడితే విరిగిపోతున్నాయి, అది పగలబడి నవ్వుతోంది. గుమ్మడికాయ పులుసు మాత్రం తనకొద్దని మొహం మీదే చెప్పేసిందండీ! ఇవాళ పొద్దున అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని నేనూ అడగలేదు."

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. సోమయాజులుగారు కళ్ళజోడు సవరించుకుని, ఆనాటి శ్లోకం దగ్గర వేలు పెట్టారు.

"నేనడిగింది చేపల సంగతమ్మా."