ఎరుపెక్కని పెళ్లిచీర

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా పుట్టకముందు, ఒక ఏటి ఒడ్డున అద్దకంవాళ్ల పేట ఉండేది. ఆ పేటలో ముత్తెమ్మవ్వ వేసిన ఎరుపంటే దేశమంతా పేరు. ఇప్పుడు అవ్వకు చూపు ఆనదు. పనంతా మనవరాలు చెంగల్వ మీద పడింది.

ఒకనాడు కోట నుంచి భటుడు వచ్చాడు.

"రాజకుమార్తె పెళ్లికి ఎర్రచీర కావాలి. ఇవిగో మూడు తెల్లచీరలు. మూడింటిలో ఒక్కటి కూడా ఎరుపెక్కకపోతే ఇక ఈ పేటకు కోట పని రాదు" అన్నాడు.

చెంగల్వ సంతలో కొన్న కొత్త ఇనుప బాణలి పొయ్యి మీద పెట్టింది. ఎర్రరంగు దిగే చిరివేరు దంచి పక్కన పెట్టుకుంది.

"అవ్వా, చిరివేరు ఎంత వెయ్యను?"

"చాలినంత వెయ్యి తల్లీ."

చాలినంత అంటే ఎంత? దోసెడా, గంపెడా? తోచక గంపెడు వేసింది. చీర నల్లబడింది.

"అవ్వా, ఎంతసేపు ఉడికించను?"

"రంగు పట్టేదాకా."

"పట్టిందని ఎలా తెలుస్తుంది?"

"చూస్తే తెలియదూ!"

చూస్తూనే కూర్చుంది. రెండో చీరా నల్లబడింది.

"నాకు నేర్పడం నీకిష్టం లేదు!" అని చెంగల్వ ఏడ్చేసింది.

అవ్వ తెల్లబోయింది. "అన్నీ చెబుతూనే ఉన్నానే! ఈ పిల్లకు ఇంకేం చెప్పాలి?" అనుకుంది. అరవై ఏళ్లుగా చేతులు చేసుకుపోయిన పనికి మాటలెక్కడ వెతకాలో ఆమెకూ తెలియలేదు.

ఇక ఒక్క చీరే మిగిలింది. చెంగల్వ దాన్ని ముట్టుకోలేదు. పొయ్యి ఆర్పి అవ్వ పక్కన కూలబడింది.

"అవ్వా, నువ్వెప్పుడైనా చీర పాడుచేశావా?"

ఆ మాట ఆమెను ఎవరూ ఎన్నడూ అడగలేదు. అవ్వకు నవ్వొచ్చింది.

"కాపురానికొచ్చిన కొత్తలో, రాగి అండా ఎత్తలేక ఇనుప మూకుట్లో ఉడికించాను. చీర బొగ్గులా తేలింది! భయపడి గడ్డివాము వెనక దాక్కున్నాను. మా అత్తగారే వెతుక్కుంటూ వచ్చి అన్నం తినిపించారు."

చెంగల్వ చటుక్కున లేచింది. "ఇనుములోనా? అవ్వా, నేనూ ఇనుములోనే పెట్టాను!"

"అయ్యో నా తల్లీ! ఇనుము తగిలితే చిరివేరు ఎరుపు నల్లబడుతుంది. మన రాగి అండాలో పెట్టావనుకున్నానే. ఈ మసక కళ్లకు కనబడలేదు!"

మర్నాడు రాగి అండాలో మూడో చీర మంకెనపువ్వులా ఎర్రగా తేలింది. రాజకుమార్తె అదే కట్టుకుని పీటల మీద కూర్చుంది. పేటకు కోట పని దక్కింది.

ఆ తర్వాత అవ్వ కూడా అడగడం మొదలుపెట్టింది. "నీకు దేనికి భయమే?" అంటే, "పడవెక్కాలంటే" అంది చెంగల్వ. పదహారేళ్లు ఒకే కంచంలో తిన్నా అవ్వకు ఆ సంగతి తెలియదు!

పెద్దలైనా పిల్లలైనా, ఒకరి బతుకు గురించి ఒకరు మనసుపెట్టి అడిగి, ఓపిగ్గా వింటేనే ఒకరికొకరు అర్థమవుతారు.