మిగిలిన చీలలు

కుందవరం రాజు వీరభూపాలుడి పందెపు రథం పడుచుదనంలో పరుగెత్తితే, గాలి వెనకబడి రొప్పుతూ దారి అడిగేది. అబద్ధమనుకుంటే ఆ గాలినే అడగండి! ఆ రథం ముసలిదయ్యాక రాజు తానే మరమ్మతుకు దిగాడు. అంతా విప్పి మళ్ళీ బిగిస్తే నాలుగు చీలలు మిగిలాయి.

"వడ్రంగి దండగకు కొట్టినవి! ఇప్పుడు రథం తేలికైంది. గురవప్పా, రేపటి పందెంలో నువ్వే తోలాలి," అన్నాడు. సభంతా చప్పట్లు. సారథి గురవప్పకు ముచ్చెమటలు.

మర్నాడు కొలువు ఊడ్చే నాంచారి, గురవప్ప భార్య, కొంగులోంచి నాలుగు చీలలు తీసి చూపింది.

"మహాప్రభో, తమ సింహాసనం చేసిందీ ఆ వడ్రంగే. దండగ చీలలు ఊడబీకాను. హాయిగా కూర్చోండి!"

రాజు కూర్చోబోయి ఆగిపోయాడు. కూర్చుంటే నడుముకు గండం, మానేస్తే పరువుకు గండం. రాజు నిలబడితే ఇంకెవరు కూర్చుంటారు? మోకాళ్ళనొప్పుల మంత్రితో సహా సభంతా నిలబడే ఉంది.

రాజు ముఖం కందగడ్డయింది. "గురవప్ప ఆ రథం ఎక్కడులే. వడ్రంగిని నేనే వెళ్ళి బతిమాలుకుంటాను. ముందు వాటిని బిగించమ్మా," అన్నాడు గొణుగుతూ.

"ఇవి మా ఇంటి మంచానివి ప్రభూ. తమ సింహాసనం జోలికి నేనెందుకు పోతాను?"

రాజు కూర్చున్నాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.