ముళ్ళత్త ఇంట్లో ఎవరూ లేరు

కొండవాగు అవతలి అడవిలో, మొగుళ్ళ చేతిలో దెబ్బలు తిన్న ఆడకూతుళ్ళకి తలదాచుకునే చోటొకటి ఉండాలని ఏనుగు పెద్దమ్మ తీర్మానించింది. మంచి తీర్మానమే, నేను కాదనను. పులి వదిలేసి పోయిన రాతిగుహ ఇస్తామన్నారు, ఇంటికిన్ని దుంపలూ పళ్ళూ తెచ్చి పోస్తామన్నారు. తీరా దాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్న దగ్గరే వచ్చింది పేచీ.

ముందుకొచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకడు నక్క. తియ్యటి నోటివాడు. ఇప్పటికే తన పొదలో కొందరికి చోటిచ్చాడు, ఇచ్చానని అడవంతా చాటుకున్నాడు. రెండోది ముళ్ళపంది. అందరూ ముళ్ళత్త అంటారు. పలకరిస్తే చాలు కసురుతుంది. "ఆ నోటితో ఈవిడ ఒకరికి దిక్కా?" అని వెనకాల నవ్వుకునేవారు.

ఆ ముళ్ళత్త బొరియలోనే, తోక మడుచుకుని, చింతాలు అనే ఆడ కొండముచ్చు దాక్కుని ఉంది. మొగుడు బండడు దాని చెవి కొరికేశాడు. ఈసారి దొరికితే మెడే కొరుకుతానన్నాడు, అన్నంత పనీ చేసే రకం. అది వచ్చిన రోజున ముళ్ళత్త ఒక్క ప్రశ్న అడగలేదు. చెవికి ఆకుపసరు రాసి, "తిని పడుకో" అంది.

ఒక పొద్దున బయట అలికిడైతే చింతాలు సందులోంచి చూసింది. అడవి అడవంతా వాకిట్లో ఉంది. ముందు పెద్దమ్మ, పక్కన నక్క, నక్క వెనక వాడి పొదలో ఉండే ఆడవాళ్ళు. గుంపులో బండడు. చింతాలుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మాటలెందుకు పెద్దమ్మా," అన్నాడు నక్క. "ఎవరి పంచన ఎవరున్నారో తమరే కళ్ళారా చూడండి. రండమ్మా, వరసగా నిలబడండి. ఈ లేడిని మొగుడు కొమ్ముతో కుమ్మాడండీ. ఆ మచ్చ చూపించమ్మా, సిగ్గెందుకు. ఇక ఈ నెమలమ్మ కథైతే వింటే కన్నీళ్ళే."

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు లేడి మొహం చిన్నబోయింది.

పెద్దమ్మ బొరియ వైపు తిరిగింది. "నీ ఇంట్లో ఎవరున్నారు ముళ్ళమ్మా?"

"ఎవరూ లేరు."

"విన్నారుగా," అన్నాడు నక్క. "ఖాళీ బొరియ పెట్టుకుని ఈవిడకి గుహ కావాలట."

"లోపల ఎవరో మూలుగుతున్నారని పిట్టలు చెప్పాయే," అంది పెద్దమ్మ.

"నేనే మూలిగాను. నడుంనొప్పి."

"అడుగుతున్నది నేను. ఈ అడవికి పెద్దని."

"పెద్దదానివి గనక మర్యాదగా చెబుతున్నాను, లేరు. తొండం పెట్టి వెతుకుతానంటావా, ఇవిగో నా ముళ్ళు."

గుంపంతా ఒక్కసారిగా గోల చేసింది. పెద్దమ్మ చెవులు టపటపా ఆడాయి. ఏనుగు ఒక్క అడుగు వేస్తే బొరియ కూలుతుంది, కూలితే ఎదురుగా బండడి కోరలు. ముళ్ళత్త మాత్రం గుమ్మం వదల్లేదు.

అంతలో గుంపులోంచి కొమ్ముల జింక ఒకడు ముందుకొచ్చాడు. "ఓహో, నక్క పొదలోనా నువ్వు నక్కింది," అని లేడిని చూసి పళ్ళు నూరాడు. "పద, నీ పని చెబుతాను."

పెద్దమ్మ అడుగు వెయ్యబోయిందల్లా ఆగింది. జింకని చూసింది, మెడ సాచి బొరియలోకి తొంగిచూస్తున్న బండణ్ణి చూసింది. అప్పుడర్థమైంది దానికి.

"నక్కా, వీడికి ఇన్నాళ్ళూ దొరకని పెళ్ళాం ఇవాళెలా దొరికింది?"

"నేను తమరికి చూపించానండీ..." అన్నాడు నక్క.

"నా మెప్పు కోసం మొగుళ్ళకి చూపించావు. నలుగురిలో అడగడం నా తెలివితక్కువ. నాకే చెప్పని నోరు ఇంకెవరికీ చెప్పదు. గుహ ముళ్ళమ్మది."

మొదట కదిలింది లేడి. వరస విడిచి వెళ్ళి ముళ్ళత్త వెనక నిలబడింది. తరవాత నెమలి. ఆ తరవాత అందరూ. జింక అడ్డం రాబోతే ముళ్ళత్త ముళ్ళన్నీ గలగలమన్నాయి, పెద్దమ్మ తొండం పైకి లేచింది. వాడు వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

అప్పుడు చింతాలు తనంతట తనే బయటికి వచ్చింది. "మెడ కొరుకుతానన్నావుగా బండా. ఇక్కడే ఉన్నాను, రా."

బండడు ముళ్ళని చూశాడు, తొండాన్ని చూశాడు, చింతాలు పక్కకి వచ్చి నిలబడుతున్న ఆడవాళ్ళని చూశాడు. గబుక్కున చెట్టెక్కి కొమ్మ కొమ్మా పట్టుకుని పోయాడు. చింతాలు పకపకా నవ్వింది. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో దానికే గుర్తులేదు.

ఆడవాళ్ళంతా కబుర్లాడుకుంటూ గుహ దారి పట్టారు. చాటింపు వేసుకున్న నక్క ఖాళీ పొద ముందు ఒక్కడే మిగిలాడు. నోరా వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

ఒకరికి దిక్కవుదామనుకునేవాళ్ళు ముందు ఆ ఒకరి గుట్టు కాయడం నేర్చుకోవాలి.