తీగకి కొస గిల్లిన అన్నదమ్ములు

నల్లరేవులో ఎల్లాజీ, కొర్లయ్య అని ఇద్దరన్నదమ్ములు. సముద్రానికి ఈవల తమంత తెలివైనవాళ్ళు లేరని వాళ్ళ నమ్మకం. ఆవల మాత్రం ఒకర్తి ఉంది, చెల్లెలు పోలేశ్వరి. దాన్ని లంకలో ఇచ్చారు. ఇప్పుడు దానికి నెలలు నిండాయి. "ఏం పుట్టిందో చెవినపడితే గానీ నాకు ముద్ద దిగదు" అని తల్లి అప్పాయమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

ఆ రేవు నుంచే లంక దాకా సముద్రం అడుగున కేబులు వేశారు. ఆఫీసరు సదాశివంగారు ఒడ్డున దాన్ని చూపించి, "ఈ తీగలోంచే మాటలు వస్తాయి. కంటికి రెప్పలా చూసుకోండి" అని అన్నదమ్ములిద్దర్నీ కాపలా పెట్టాడు.

"రెప్ప ఏం చేస్తాది?" అన్నాడు ఎల్లాజీ.

"మూస్తాది, తెరుస్తాది" అన్నాడు కొర్లయ్య.

అంతే. చాప తెచ్చి తీగ మీద కప్పడం, తీయడం, కప్పడం, తీయడం. రెండ్రోజులకి చేతులు పడిపోయాయి గానీ లంక నుంచి మాట రాలేదు.

"తీగ బలంగానే ఉందమ్మా, కాపే లేదు" అన్నారు ఇంటికొచ్చి.

"కాపు లేకపోతే కొస గిల్లాల్రా. మన ఆనపతీగకి గిల్లలేదూ?" అంది అప్పాయమ్మ.

వెళ్ళి గిల్లారు. గోళ్ళు విరిగాయి. ఇంకేముంది, గొడ్డలి తెచ్చారు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో ఫోను మోగింది. "అమ్మా, పురుడైంది. నాకు..." అంది పోలేశ్వరి. అంతే, మాట తెగింది. అప్పాయమ్మ రేవుకి పరిగెత్తింది.

"మిగతా మాటేదిరా?"

"తీగలోనే ఉండిపోయుంటాది" అని కొడుకులు తెగిన కొస ఎత్తి బిందెలోకి వంచారు. టప్, టప్, టప్. మూడు చుక్కలు పడ్డాయి.

"ముగ్గురా నా తల్లీ" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ పూట కడుపునిండా తింది.

సదాశివంగారు నెత్తీ నోరూ కొట్టుకుంటూ పది రోజులకి తీగ అతికించాడు. మళ్ళీ ఫోను మోగింది.

"ఒక్కర్తే అమ్మా, ఆడపిల్ల" అంది పోలేశ్వరి.

అప్పాయమ్మ ఉయ్యాల్లో బిందెని ఊపుతూ, "కంగారు పడకే. మిగతా ఇద్దరూ ముందే ఇక్కడికొచ్చేశారు. రోజూ నీళ్ళు పోస్తున్నాను, బాగా ఒళ్ళు చేశారు" అంది.